ఆదిలాబాద్ గోండులు - హైమన్‌డార్ఫ్ మానవశాస్త్ర కృషి: సామాజిక న్యాయదృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పరిశోధకుడు తాను అధ్యయనం చేసే సమాజం పక్షాన నిలబడవచ్చునా, నిలబడితే అతని రచన శాస్త్రంగా మిగులుతుందా అన్న ప్రశ్న మానవశాస్త్రంలో చాలాకాలంగా చర్చలో ఉంది. హైదరాబాద్ సంస్థానంలో 1940-49 మధ్య క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల విషయంలో చేసిన కృషిని ఆధారంగా చేసుకొని ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. క్షేత్రపరిశోధన నివేదికగా, నివేదిక పట్టాగా, బడిగా, చట్టంగా మారిన క్రమాన్ని, ఆ తరువాత మూడు దశాబ్దాలలో ఆ ఫలితాలు సడలిపోయిన తీరును ఇందులో వివరించడమైంది. ప్రభుత్వం లోపల నుంచి చేసిన కృషికి ఉన్న బలమూ, పరిమితీ ఒకే మూలం నుంచి వచ్చాయని, ఆ రచనల శాశ్వత ప్రయోజనం వాటికి గల సాక్ష్యవిలువలో ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హైమన్‌డార్ఫ్, గోండులు, మార్లవాయి, కొమురం భీమ్, పట్టా, గిరిజన ప్రాంతాల చట్టం, 1/70, సామాజిక న్యాయం.

1. ప్రవేశిక

మానవశాస్త్రం వలసపాలనతో పాటు ఎదిగిన శాస్త్రం. పాలించవలసిన ప్రజలను తెలుసుకోవడం పాలకునికి అవసరం కావడంవల్లనే ఆ శాస్త్రానికి నిధులు, అనుమతులు, దారులు దొరికాయి. కేరళలోను, తంజావూరులోను క్షేత్రపరిశోధన చేసిన కాథ్లీన్ గౌఫ్ 1968లో మానవశాస్త్రాన్ని సామ్రాజ్యవాదం కన్న బిడ్డగా అభివర్ణించారు. 1971లో బార్బడోస్‌లో సమావేశమైన మానవశాస్త్రవేత్తలు లాటిన్ అమెరికా ఆదివాసుల పట్ల ప్రభుత్వాలు, క్రైస్తవ మిషన్లు మాత్రమే కాక తమ శాస్త్రం కూడా జవాబుదారీ అని ప్రకటించారు. 1973లో తలాల్ అసద్ సంపాదకత్వంలో వెలువడిన వ్యాససంపుటి మానవశాస్త్రానికి, వలసపాలనకు నడుమ గల సంబంధాన్ని విమర్శకు పెట్టింది. 1995లో నాన్సీ షెపర్ హ్యూస్ పరిశోధకుని నైతిక బాధ్యతకే ప్రథమస్థానం అన్నారు. 2006లో చార్లెస్ హేల్, ప్రజల పోరాటంతో కలిసి సాగే పరిశోధనకు, దూరంగా నిలిచి చేసే సాంస్కృతిక విమర్శకు మధ్య భేదాన్ని విశదీకరించారు.

ఈ చర్చలు పాశ్చాత్య విశ్వవిద్యాలయాలలో బలపడక ముందే, ఇవే ప్రశ్నలు తెలంగాణ అడవులలో ఆచరణరూపంలో ఎదురయ్యాయి. ఆ ఆచరణకు కేంద్రం నేటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయి. దానితో ముడిపడిన పరిశోధకుడు ఆస్ట్రియా దేశీయుడైన హైమన్‌డార్ఫ్. ఆయన పేరు ఆదిలాబాద్ ప్రాంతంలో నేటికీ గౌరవంతో వినిపిస్తుంది. అయితే గౌరవం చరిత్రరచనకు ప్రత్యామ్నాయం కాదు. ఆయన కృషి ఏమి సాధించింది, ఎందుకు సాధించగలిగింది, ఎక్కడ ఆగిపోయింది అన్నవి విడివిడిగా పరిశీలించవలసిన అంశాలు.

2. నేపథ్యం: అడవి, సేద్యం, కాగితం

గోండులు పాలన ఎరుగని జాతి కాదు. చంద్రపూర్ కేంద్రంగా గోండు రాజులు 18వ శతాబ్ది మధ్యభాగం వరకు పాలించారు. ఆదిలాబాద్ కొండప్రాంతంలో ఆ రాజ్యవ్యవస్థకు చెందిన మొకాశీలు, గ్రామాలకు పట్లాలు ఉండేవారు. వీరు ప్రధానంగా నాగలి సేద్యగాళ్లు. కొండవాలుల్లో పోడు కొట్టే కొలాములతో పోలిస్తే వీరి సేద్యం మైదానపు రైతు సేద్యానికి దగ్గర. అయితే కొన్నేళ్లు సాగుచేసిన నేలను బీడుపెట్టి మరోచోట దున్నడం వీరి పద్ధతి. భూమి విస్తారంగా, జనం పలుచగా ఉన్నంతకాలం దీనివల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో రెండు మార్పులు ఒకేసారి వచ్చాయి. అటవీశాఖ సరిహద్దులు గీసి విస్తారమైన భూభాగాన్ని రిజర్వు అడవిగా మార్చింది. బీడుపెట్టిన చేలు, కొన్నిచోట్ల ఊళ్లు కూడా ఆ గీత లోపలకు పోయాయి. మరోవైపు రోడ్లు, 1929లో పూర్తయిన కాజీపేట - బల్లార్షా రైలుమార్గం ఈ జిల్లాను మైదానప్రాంతపు రైతులకు, వ్యాపారులకు అందుబాటులోకి తెచ్చాయి. వారు పట్టా అంటే ఏమిటో తెలిసినవారు. గోండులు చాలామంది సివాయ్ జమాబందీ కింద, అంటే పట్టా లేకుండా ప్రభుత్వ భూమిని దున్ని శిస్తు కట్టే పద్ధతిలో సాగుచేసేవారు. తరతరాలుగా దున్నినా, ఏటేటా శిస్తు కట్టినా హక్కు మాత్రం పుట్టలేదు. భూమి విలువ పెరిగినప్పుడు దరఖాస్తు పెట్టి పట్టా పొందినవాడు యజమాని అయ్యాడు. దున్నినవాడు కౌలుదారుగానో, పాలేరుగానో మిగిలాడు.

ఈ నష్టంలో బలప్రయోగానికి ఎంత పాత్ర ఉన్నదో లిపికీ అంత పాత్ర ఉంది. రికార్డు ఉర్దూలో, బజారు వ్యవహారం మరాఠీలోనో తెలుగులోనో, ఇంటిమాట గోండీలో. పట్వారీ ఏమి రాశాడో చదువుకోగల గోండు దాదాపు లేడు. అందువల్ల ఆదిలాబాద్ గోండుల సమస్య భూమి సమస్యగా ఎంత కనిపించినా, దాని లోపల కాగితం మీద అధికారం ఎవరిదన్న సమస్య ఇమిడి ఉంది. హైమన్‌డార్ఫ్ కృషిలో విశేషం ఆయన ఈ అంశాన్ని గుర్తించడమే.

3. 1940 తిరుగుబాటు - పరిశోధకుని ప్రవేశం

రిజర్వు అడవి నుంచి తొలగింపులు, అటవీ సిబ్బంది వేధింపులు భరించలేక కొమురం భీమ్ నాయకత్వంలో జోడేఘాట్, బాబేఝరి ప్రాంత గోండులు, కొలాములు ఎదురుతిరిగారు. 1940లో నిజాం పోలీసుల కాల్పుల్లో భీమ్, ఆయన అనుచరులు కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఈ ఘటన హైదరాబాద్ ప్రభుత్వాన్ని కలవరపెట్టింది. తిరుగుబాటుకు కారణాలు తెలుసుకోవలసిన అవసరం ప్రభుత్వానికి అప్పుడే స్పష్టమైంది.

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయం నుంచి 1931లో డాక్టరేటు పొందారు. లండన్‌లో మలినోవ్‌స్కీ గోష్ఠుల్లో పాల్గొని, 1936-37లో నాగా కొండల్లో పరిశోధన చేశారు. 1939లో భార్య బెట్టీతో తిరిగి భారతదేశం వచ్చేసరికి ప్రపంచయుద్ధం మొదలైంది. అప్పటికే ఆస్ట్రియా జర్మనీలో విలీనమైనందున బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో ఆయన శత్రుదేశ పౌరుడు. ఆయన సంచారాన్ని హైదరాబాద్ సంస్థానానికి పరిమితం చేశారు. ఆ నిర్బంధమే ఆయనను తెలంగాణ ఆదివాసులకు చేరువ చేసింది. 1940లో అమ్రాబాద్ పీఠభూమి చెంచులను, ఆపై గోదావరి కొండల్లోని కొండరెడ్లను, అనంతరం ఆదిలాబాద్ గోండులను ఆయన అధ్యయనం చేశారు. ఫలితంగా చెంచులపై 1943లోను, కొండరెడ్లపై 1945లోను, రాజగోండులపై 1948లోను గ్రంథాలు వెలువడ్డాయి.

ఇక్కడ కాలక్రమాన్ని గమనించడం అవసరం. గోండుల గోడు ప్రభుత్వం చెవికి ఎక్కింది పరిశోధకుని నివేదికవల్ల కాదు, జోడేఘాట్‌లో చిందిన రక్తంవల్ల. నివేదిక ఆ తరువాతిది. పరిశోధకుడు తలుపు తెరిచాడని చెప్పడం కన్న, ప్రజలు తెరిచిన తలుపు గుండా అతడు ప్రవేశించాడని చెప్పడం చరిత్రకు దగ్గరగా ఉంటుంది.

4. నివేదిక నుంచి పట్టా వరకు

అప్పటి నిజాం ప్రభుత్వంలో రెవెన్యూ, పోలీసు శాఖల సభ్యుడు డబ్ల్యు.వి. గ్రిగ్సన్. బస్తర్ మారియా గోండులపై 1938లో గ్రంథం వెలువరించిన ఐ.సి.ఎస్. అధికారి కావడంవల్ల మానవశాస్త్ర నివేదికను చదవడమే కాక, దానిని ఫైలుగా మార్చడం కూడా ఆయనకు తెలుసు. హైమన్‌డార్ఫ్ సమర్పించిన నాలుగు నివేదికలను రెవెన్యూ శాఖ 1945లో సంపుటిగా ప్రచురించింది. వెట్టి, లంచాలు, అటవీ సిబ్బంది దౌర్జన్యం, సాహుకార్ల అప్పు, కలప గుత్తేదారుల చేతిలో కొండరెడ్ల బానిసత్వం వంటివి అందులో దాపరికం లేకుండా నమోదయ్యాయి. ప్రభుత్వ ఖర్చుతో అచ్చయిన గ్రంథం ప్రభుత్వ శాఖలనే తప్పుపట్టడం ఆనాటికి సామాన్య విషయం కాదు.

నివేదికలు సిఫారసులతో ఆగలేదు. సివాయ్ జమాబందీ సాగును పట్టాగా మార్చడం, రిజర్వు గీతలను సవరించి ఊళ్లకు భూమి విడిచిపెట్టడం, గిరిజనులకు ప్రత్యేక నిబంధనల కింద భూమి కేటాయించడం ఆచరణకు వచ్చాయి. 1940-50 దశకంలో ఆదిలాబాద్ జిల్లాలో 11 వేల మందికి పైగా ఆదివాసులకు సుమారు 1,60,000 ఎకరాల భూమి పట్టాగా దక్కినట్లు హైమన్‌డార్ఫ్ తరువాతి రచనలో పేర్కొన్నారు. 1944-45లో ఈశాన్య సరిహద్దు ప్రాంతంలో పనిచేసి వచ్చిన తరువాత ఆయన గిరిజనులు, వెనుకబడిన వర్గాల విషయంలో నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ఆచార్యుడుగా 1949 వరకు ఉన్నారు. క్షేత్రంలో పనిని నిలబెట్టినవారిలో గోండీ నేర్చుకొని, ఆ భాషపై రచనలు చేసిన హైదరాబాద్ సివిల్ సర్వీస్ అధికారి సేతుమాధవరావు పగడి ముఖ్యులు.

ఇదే కాలంలో భారతదేశంలో ఆదివాసుల భవిష్యత్తుపై తీవ్రమైన వాదం నడుస్తున్నది. వెరియర్ ఎల్విన్ ఆదివాసులను బయటి దోపిడీ నుంచి దూరంగా ఉంచి కాపాడాలన్నారు. జి.ఎస్. ఘుర్యే 1943 నాటి గ్రంథంలో వారు హిందూ సమాజంలోని వెనుకబడిన భాగమేనని, వేరుచేయడం తగదని వాదించారు. హైమన్‌డార్ఫ్ మార్గం ఈ రెంటి మధ్యది. ఆయన అడిగింది గోండులకు భూమి మీద హక్కును, రికార్డు చదవగల చదువును, కోర్టు బయట న్యాయం పొందే వ్యవస్థను. సంస్కృతి రక్షణ అనే మాటను ఆస్తి రక్షణ నుంచి వేరుచేయకపోవడం ఆ మార్గంలోని విశేషం.

5. మార్లవాయి బడి: భాష ఒక హక్కు

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. మరాఠీ అక్షరాలు కొంతవరకు వచ్చిన కొద్దిమంది గోండు యువకులను గుర్తించి, వారినే ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దడం ఈ ప్రణాళికలోని కీలకాంశం. గోండీలో వాచకాలు తయారయ్యాయి. అప్పటి ఆదిలాబాద్‌లో మరాఠీ వాడుక ఎక్కువ కావడంతో దేవనాగరి లిపిని ఎంచుకున్నారు. తొలి తరగతుల్లో గోండీ, ఆ తరువాత ప్రాంతంలో చెల్లుబాటయ్యే భాషలు నేర్పడం పద్ధతి. మార్లవాయిలో చదివినవారు తమ ఊళ్లలో పాఠశాలలు నడపడమే కాక, గ్రామోద్యోగాలకు సిద్ధమయ్యారు. అర్జీ రాయడం, రసీదు చదవడం, పహాణీలో పేరు ఉన్నదో లేదో చూడడం అన్నవి తొలిసారి గోండు చేతికి వచ్చాయి.

ఈ బడిని సంస్కరణ కార్యక్రమంగా మాత్రమే చూస్తే దాని రాజకీయార్థం తప్పిపోతుంది. బయటివారు గోండుకు చదువు చెప్పడం ఒకటి, గోండే గోండుకు తన భాషలో చెప్పడం మరొకటి. మొదటిది దయ, రెండవది అధికార బదిలీ. హైమన్‌డార్ఫ్ కృషిలో పరిశోధకునిపై ఆధారపడకుండా మిగలగల అంశం ఏదైనా ఉంటే అది ఇదే. కాని 1956లో భాషాప్రయుక్త రాష్ట్రం ఏర్పడిన తరువాత బోధనలో తెలుగు స్థిరపడి, గోండీ క్రమంగా బడి నుంచి తప్పుకుంది. ఉర్దూ రికార్డు స్థానంలో తెలుగు రికార్డు వచ్చింది. గోండుకు రెండూ పరభాషలే. భాషాప్రయుక్త రాష్ట్రం తెలుగు మాట్లాడేవారికి తెచ్చిన న్యాయం, ఆ రాష్ట్రంలో తెలుగు మాతృభాష కానివారికి ఏమి తెచ్చిందన్న ప్రశ్న తెలుగు పరిశోధనలో ఇంకా తగినంతగా చర్చకు రాలేదు.

6. చట్టం: 1356 ఫసలీ నుంచి 1/70 వరకు

పట్టా ఇస్తే చాలదు, అది చేయి జారకుండా చూడాలి. ఈ ఆలోచనతో 1356 ఫసలీలో, అంటే 1946-47లో, హైదరాబాద్ గిరిజన ప్రాంతాల నిబంధన వచ్చింది. గిరిజన ప్రాంతాలుగా ప్రకటించిన చోట సాధారణ సివిల్ కోర్టుల అధికారాన్ని తొలగించి, ఏజెంటుకు, గిరిజన పంచాయితీలకు అధికారం ఇవ్వడం దాని సారాంశం. మైదానపు వ్యాపారి కోర్టు డిక్రీతో భూమిని లాక్కునే దారికి ఇది అడ్డుకట్ట. 1359 ఫసలీలో (1949) దీని స్థానంలో మరింత వివరమైన నిబంధన, దానికి అనుబంధ నియమాలు అమల్లోకి వచ్చాయి. నిజాం పాలన ముగిసినా ఈ చట్టం మిగిలింది.

ఆంధ్రప్రదేశ్ అవతరణ తరువాత 1959 నాటి షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధన 1963లో తెలంగాణకు విస్తరించి, పాత హైదరాబాద్ నిబంధన రద్దయింది. 1970లో వచ్చిన సవరణే 1/70గా ప్రసిద్ధి పొందింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని చేతిలో ఉన్న భూమి గిరిజనుని నుంచి వచ్చినదేనని, కాదని రుజువయ్యేవరకు భావించడం ఈ సవరణలోని ముఖ్యాంశం. గిరిజనేతరులు తమలో తాము అమ్ముకోవడాన్నీ అది నిషేధించింది. దీని అర్థం రుజువుభారం తలకిందులైందని. కాగితం లేని గోండు తన హక్కును నిరూపించుకోవలసిన స్థితి నుంచి, కాగితం ఉన్నవాడు అది ఎలా వచ్చిందో చెప్పుకోవలసిన స్థితికి చట్టం మారింది. 1940-50 నాటి నివేదికలు వర్ణించిన అన్యాయ స్వరూపం చట్టభాషలో ఇలా ప్రతిఫలించింది. 1997లో సమత కేసు తీర్పు ఈ నిషేధంలోని 'వ్యక్తి' అన్న మాటకు ప్రభుత్వాన్ని కూడా చేర్చి, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని స్పష్టం చేసింది.

ఈ చట్టపరంపర అంతా ఒక్క పరిశోధకుని కృషిఫలమని అనడం సరికాదు. కోస్తా ఏజెన్సీలో 1917 నుంచి భూబదలాయింపు చట్టం ఉంది. రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు గవర్నరుకు ప్రత్యేకాధికారాలు ఇచ్చింది. శ్రీకాకుళ గిరిజన పోరాటం 1/70కి తక్షణ నేపథ్యం. అయినా తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాల వరకు రక్షణచట్టానికి తొలి పునాది 1940-50 దశకంలోనే పడిందన్నది నిర్వివాదం.

7. పరిశోధకుని పునరాగమనం

1949లో హైమన్‌డార్ఫ్ లండన్ వెళ్లి ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో చేరి, తరువాత అక్కడే ఆచార్యుడయ్యారు. 1976లో ఉద్యోగవిరమణ చేశాక తిరిగి ఆదిలాబాద్ వచ్చి విస్తృతంగా పరిశీలించారు. 1979లో గోండులపైన, 1982లో భారతదేశ గిరిజనుల మనుగడ పోరాటంపైన ఆయన గ్రంథాలు వెలువడ్డాయి. రెండవ గ్రంథంలో ఆదిలాబాద్‌లో స్వయంగా పరిశోధన చేసిన మైఖేల్ యార్క్ రచన కూడా ఉంది.

ఆయన చూసింది తన కృషి శిథిలం. 1940-50 దశకంలో పట్టా పొందిన కుటుంబాలు ఎన్నో భూమి పోగొట్టుకున్నాయి. వలస వచ్చినవారు బేనామీ పేర్లతో, కౌలు పేరుతో, అప్పు కింద భూములను ఆక్రమించారు. 1/70 కింద తీర్పు వచ్చినా భూమి స్వాధీనం కాని సందర్భాలు కోకొల్లలు. ఒక పరిశోధకుడు అదే జనాన్ని మూడు దశాబ్దాల తరువాత తిరిగి చూసి, తాను భాగస్వామిగా ఉన్న విధానం ఎక్కడ విఫలమైందో లెక్కలతో రాయడం మానవశాస్త్రంలో అరుదు. ఈ కారణంగా 1982 గ్రంథం వర్ణనగ్రంథం కన్న అభియోగపత్రానికి దగ్గరగా ఉంటుంది.

ఆ గ్రంథం వెలువడడానికి ముందే, 1981 ఏప్రిల్ 20న, ఇంద్రవెల్లిలో భూసమస్యపై సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. అధికారిక లెక్క ప్రకారం 13 మంది మరణించారు. పౌరహక్కుల సంఘాలు చెప్పిన సంఖ్య అంతకన్న చాలా ఎక్కువ. జోడేఘాట్‌కు, ఇంద్రవెల్లికి మధ్య నాలుగు దశాబ్దాలు. నడుమ నివేదికలు, పట్టాలు, చట్టాలు వచ్చాయి. రెండు చోట్లా ప్రశ్న మాత్రం భూమే.

8. విమర్శనాత్మక పరిశీలన

హైమన్‌డార్ఫ్ కృషిని మూడు కోణాల నుంచి విమర్శించవచ్చు.

మొదటిది, రాజ్యంతో సంబంధం. ఆయన సిఫారసులు అమలైనది గ్రిగ్సన్ వంటి అధికారి అండ ఉన్నందువల్ల, తిరుగుబాటు మళ్లీ రాకూడదన్న ప్రభుత్వ ప్రయోజనం వాటిలో నెరవేరినందువల్ల. 1946 నుంచి తెలంగాణ మైదానాల్లో రైతాంగ సాయుధపోరాటం సాగుతున్నప్పుడు అడవిలో భూమి పంచడం సంస్థానానికి రాజకీయంగానూ అనుకూలమే. ప్రభుత్వ ఆసక్తి సడలగానే అమలూ సడలింది. పరిశోధకునికి కార్యసాధకశక్తి ఇచ్చిన స్థానమే ఆ కార్యం ఆయుర్దాయాన్ని కూడా నిర్ణయించింది.

రెండవది, ప్రాతినిధ్యం. హైమన్‌డార్ఫ్ రచనల్లో భీమ్ తిరుగుబాటు అధికారుల వేధింపులకు ప్రతిస్పందనగా, నివారించదగిన విషాదంగా కనిపిస్తుంది. గోండుల స్మృతిలో అది స్వపాలన కోసం జరిగిన పోరాటం. అల్లం రాజయ్య, సాహు రచించిన 'కొమురం భీం' నవల (1983) ఈ స్మృతిని తెలుగు పాఠకులకు చేర్చింది. పరిపాలనా నివేదిక ఫిర్యాదును వినగలదు, రాజకీయ ఆకాంక్షను వినడం దానికి కష్టం. ఫిర్యాదుకు పరిష్కారం పట్టా. ఆకాంక్షకు పరిష్కారం అధికారంలో వాటా. రెండవది 1940-50 దశకపు ప్రణాళికలో లేదు. ఏజెంటు రక్షకుడు, గోండు రక్షితుడు. గోండుల రాజ్యపాలన చరిత్రను, ఆధునిక రాజ్యనిర్మాణం వారిని అంచులకు నెట్టిన తీరును చరిత్రకారుడు భంగ్యా భూక్యా 2017 గ్రంథంలో చర్చించారు. ఆ వెలుగులో చూస్తే అమాయక గిరిజనుడన్న భావన కూడా పాలనావసరాల నుంచి పుట్టినదని అర్థమవుతుంది.

మూడవది, ఒకరి పక్షాన నిలవడంలో మరొకరికి జరిగేది. 1976 నాటి చట్టం తెలంగాణలోని లంబాడాలను షెడ్యూల్డు తెగల జాబితాలో చేర్చింది. దీనివల్ల గోండుల భూములపై ఒత్తిడి పెరిగిందన్నది హైమన్‌డార్ఫ్ అభిప్రాయం. 2017 తరువాత ఆదిలాబాద్‌లో తలెత్తిన వివాదంలో ఆ రచనలు మళ్లీ ప్రస్తావనకు వచ్చాయి. గోండుల నష్టం వాస్తవం. అయితే లంబాడాలు కూడా రోడ్లు, రైళ్లు వచ్చి సరుకు రవాణా వృత్తిని కోల్పోయి, నేరస్థ జాతులన్న ముద్ర మోసి, భూమి కోసం వలస పట్టినవారే. భంగ్యా భూక్యా లంబాడాలపై 2010లో వెలువరించిన గ్రంథం ఆ చరిత్రను వివరిస్తుంది. ఒక ఊరిలో కూర్చున్న పరిశోధకునికి వలస వచ్చినవాడు ఆక్రమణదారుగా మాత్రమే కనిపించే ప్రమాదం ఉంది. అతని వెనుక ఉన్న నిర్వాసన చరిత్ర మరో క్షేత్రంలో ఉంటుంది. న్యాయం కోరే పరిశోధన తన క్షేత్రం ఎల్లలు దాటి చూడవలసిన అవసరం ఇక్కడ తెలుస్తుంది.

9. సాక్ష్యంగా శాస్త్రం

ఈ విమర్శలన్నీ అంగీకరించిన తరువాత కూడా హైమన్‌డార్ఫ్ రచనల్లో ఒక విలువ మిగిలి ఉంటుంది. అది సాక్ష్యవిలువ. ఏ ఊరు ఎక్కడ ఉండేది, ఎవరు ఏ నేల దున్నేవారు, రిజర్వు గీత ఏ చేలను మింగింది, ఏ అధికారి తరగతి ఎలాంటి వసూళ్లు చేసేది అన్న వివరాలు ఆ పుటల్లో ఉన్నాయి. అవి రాసిననాడు ప్రభుత్వానికి సమాచారం. నేడు గోండులకు ఆధారం.

2006 నాటి అటవీహక్కుల చట్టం కింద రూపొందిన నియమాలు ఈ విషయంలో గమనార్హం. హక్కు నిరూపణకు ప్రభుత్వ రికార్డులతో పాటు గ్రామపెద్దల వాఙ్మూలాన్ని, ఆచారసంప్రదాయాలను నమోదు చేసిన ప్రామాణిక సంస్థల పరిశోధనలను కూడా సాక్ష్యాలుగా పరిగణించవచ్చునని 13వ నియమం చెబుతుంది. నిర్ణయప్రక్రియ గ్రామసభ వద్ద మొదలవుతుంది. 1940లో పట్వారీ రాసినదే సత్యం. ఇప్పుడు వృద్ధుని నోటిమాటకు, మానవశాస్త్ర గ్రంథానికి కూడా న్యాయప్రక్రియలో చోటు దొరికింది. అమలులో లోపాలు ఎన్ని ఉన్నా సూత్రరీత్యా ఇది పెద్ద మార్పు.

దీనివల్ల పరిశోధకుని మీద బాధ్యత పెరుగుతుంది. సానుభూతితో వివరాన్ని పెంచి రాసినా, జాగ్రత్తతో దాచి రాసినా, విచారణలో ఆ రచన నిలవదు. నిష్పాక్షికతకు, నిబద్ధతకు వైరుధ్యం ఉందన్న వాదానికి ఇక్కడ సమాధానం దొరుకుతుంది. ప్రజల పక్షాన నిలిచిన రచనకే కచ్చితత్వం ఎక్కువ అవసరం, ఎందుకంటే ఎదుటిపక్షం దానిని అక్షరమక్షరం ప్రశ్నిస్తుంది.

మరొక అంశం అందుబాటు. హైమన్‌డార్ఫ్ గ్రంథాలు ఆంగ్లంలో ఉన్నాయి. సాక్ష్యం ఎవరి గురించో వారికి చదవడానికి వీలులేని భాషలో ఉన్నంతకాలం, దానిని ఉపయోగించుకోవడానికి మళ్లీ మధ్యవర్తి కావాలి. పట్వారీ ఉర్దూ రికార్డుకు, పరిశోధకుని ఆంగ్ల గ్రంథానికి ఉద్దేశంలో ఎంతో భేదం ఉన్నా, గోండు పాఠకుని వైపు నుంచి చూస్తే ఈ ఒక్క విషయంలో పోలిక ఉంది. ఊరిపేర్లు, భూముల వివరాలు గల భాగాలను తెలుగులోకి, గోండీలోకి తెచ్చి గ్రామసభలకు అందజేయడం విశ్వవిద్యాలయాలు చేపట్టదగిన పని.

10. ముగింపు

1987లో మరణించిన బెట్టీ సమాధి మార్లవాయిలో ఉంది. 1995లో లండన్‌లో మరణించిన హైమన్‌డార్ఫ్ అవశేషాలు కూడా తరువాతి కాలంలో ఆమె పక్కనే చేరాయి. ఏటా జనవరిలో గోండులు అక్కడ వారిని స్మరించుకుంటారు. ఆశ్వయుజ పౌర్ణమినాడు జోడేఘాట్‌లో భీమ్‌ను స్మరించుకుంటారు. ఈ రెండు స్మరణల మధ్య గోండులు వైరుధ్యం చూడలేదు. పోరాడినవారిని, రాసిపెట్టినవారిని వారు ఎవరి స్థానంలో వారిని నిలిపారు.

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. ఆదిలాబాద్‌లో ప్రజాపక్ష మానవశాస్త్రానికి అవకాశం కల్పించింది గోండుల తిరుగుబాటు. పరిశోధన ఆ పోరాటానికి ప్రత్యామ్నాయం కాదు, దాని ఫలితాల్లో ఒకటి.

2. సంస్కృతి వర్ణనతో ఆగక భూమి, భాష, రికార్డు, న్యాయస్థానం అన్న నాలుగింటినీ కలిపి చూడడం హైమన్‌డార్ఫ్ కృషికి బలం చేకూర్చింది.

3. రాజ్యం లోపల నుంచి చేసిన కృషి త్వరగా ఫలించింది. రాజ్యం విముఖమైనప్పుడు అంతే త్వరగా క్షీణించింది. గోండుల చేతికి వచ్చిన అక్షరం, చట్టంలో నిలిచిన రుజువుభారం మాత్రం మిగిలాయి.

4. రక్షణ అన్న భావన గోండుల రాజకీయ ఆకాంక్షకు తగిన స్థానం ఇవ్వలేదు. వలస వచ్చిన ఇతర పీడితుల చరిత్రనూ అది పూర్తిగా పరిగణించలేదు.

5. పరిశోధకుని నిబద్ధతకు కొలమానం అతని సానుభూతి కాదు. అతడు రాసినది, తన పోషకులను కూడా ఎదిరించి, ఆ ప్రజలు తమ హక్కు కోసం సాక్ష్యంగా వాడుకోగలరా అన్నదే.

ఆదిలాబాద్ గ్రామసభల్లో అటవీహక్కుల దరఖాస్తులు ఇంకా పరిశీలనలో ఉన్న నేటి స్థితిలో ఈ ఐదవ అంశం చరిత్రకు మాత్రమే సంబంధించినది కాదు. తెలుగులో గిరిజన సమాజాలపై జరుగుతున్న ప్రతి పరిశోధనకూ అది వర్తిస్తుంది.